సేఫ్టీ రేజర్‌తో మంట, గాట్లు, గరుకు: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

రెండంచుల బ్లేడు రేజర్‌తో ఇబ్బంది రాగానే చాలామంది రేజర్ మార్చేస్తారు. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. ముందు చేతి ఒత్తిడి, నురుగు, బ్లేడు చూసుకోవాలి. అవన్నీ సరిగ్గా ఉన్నా బాధ తగ్గకపోతే అప్పుడు రేజర్ సంగతి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, మూడు నాలుగు షేవింగుల దాకా అలాగే నడపండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు.

గీసుకున్నాక మెడ మంట, ఎర్రదనం

ఎక్కువమందికి కారణం ఒత్తిడే. రెండు మూడు బ్లేడ్లు కలిపి వచ్చే కార్ట్‌రిడ్జ్ రేజర్ తల వెనక్కి వంగుతుంది కాబట్టి కాస్త గట్టిగా నొక్కినా చెల్లిపోతుంది. సేఫ్టీ రేజర్ తల కదలదు. నొక్కినదంతా చర్మం మీదే పడుతుంది. పిడిని చివరి భాగంలో, వేళ్ల కొసలతో వదులుగా పట్టుకోండి. మెర్కూర్ 34సి లాంటి బరువైన రేజర్‌కు దాని బరువే చాలు. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే తేలికపాటి ప్లాస్టిక్, అల్యూమినియం రేజర్లతో వచ్చే చిక్కు ఇక్కడే: బరువు లేదు కాబట్టి చెయ్యి తనంతట తానే నొక్కేస్తుంది.

తర్వాత కోణం. బ్లేడు మీద కప్పి ఉండే పైమూతను చెంపకు ఆనించి, పిడిని చెంపకు నిటారుగా నిలపండి. ఆ స్థితిలో బ్లేడు తగలదు. గీస్తూనే పిడిని మెల్లగా కిందికి దించండి. వెంట్రుక తెగుతున్న చప్పుడు మొదలైన చోట ఆగండి. చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా దించితే బ్లేడు కోయడం మాని చర్మాన్ని గీకుతుంది.

మంట మెడ మీదే ఉండి చెంపల మీద లేదంటే వెంట్రుకల వాటం చూడాలి. రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి వేలితో నాలుగు వైపులా రాయండి. నున్నగా తగిలిన వైపే వాటం. దవడ కింద అది తరచూ పక్కకు, కొందరికి కింది నుంచి పైకి కూడా ఉంటుంది. "పైనుంచి కిందికి" అని గుడ్డిగా గీసేవాళ్లు తెలియకుండానే మొదటి తడవలోనే ఎదురు వాటంగా గీసేస్తున్నారు. మొదటి తడవ వాటంగా, రెండో తడవ అడ్డంగా గీయండి. మంట పూర్తిగా తగ్గేదాకా ఎదురు వాటం జోలికి పోవద్దు. ప్రతి తడవకూ కొత్త నురుగు పట్టించాలి.

నురుగు నిమిషంలో ఆరిపోతోంది, బ్లేడు జారట్లేదు

మన ఊళ్లలో దీనికి మొదట అనుమానించాల్సింది బోరు నీళ్లను. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టుగా మారతాయి. ఆ సబ్బు నురుగుకు అక్కరకు రాదు. బుడగలు పెద్దవిగా కనిపిస్తాయి, చెంప మీద తెల్లగా ఎండిపోతుంది. హైదరాబాదులో చాలా ఇళ్లలో మంజీరా లేదా కృష్ణా నీళ్లూ, బోరు నీళ్లూ రెండూ ఉంటాయి. ఒకే సబ్బుతో రెండు మగ్గుల్లో నురుగు చేసి చూడండి, తేడా కళ్లకు కడుతుంది.

పరిష్కారం చవకే. నురుగుకు మాత్రం ఆర్వో నీళ్లు అర గ్లాసు పక్కన పెట్టుకోండి. ముఖం కడగడానికి, రేజర్ జాడించడానికి బోరు నీళ్లు ఫరవాలేదు. బ్రష్ తడిపి, ఒకసారి విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పండి. క్రీమ్ అయితే బాదంగింజంత చాలు. తర్వాత నీళ్లు నాలుగైదు చుక్కల చొప్పున కలుపుతూ తిప్పాలి. బుడగలు మాయమై పెరుగు మీగడలా మెరుపు వచ్చి, రెండు వేళ్ల మధ్య రుద్దితే జర్రున జారితే నురుగు సిద్ధమైనట్టు. అందరూ చేసే పొరపాటు నీళ్లు తక్కువ పోయడం. గట్టిగా గుట్టలా నిలిచే నురుగు చూడ్డానికి బాగుంటుంది గానీ జారదు.

ఒక వైపు బాగా కోస్తోంది, రెండో వైపు గీరుతోంది

బ్లేడు వంకరగా కూర్చుంది. బ్లేడు రంధ్రాలకూ, పైమూత పొడుపులకూ మధ్య వెంట్రుకవాసి వదులు ఉంటుంది. బిగించేటప్పుడు ఆ వదులులోనే బ్లేడు ఒక పక్కకు జరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా తలను పట్టుకుని రెండు పక్కలా బయటికి కనిపించే బ్లేడు అంచును పోల్చి చూడండి. ఒకవైపు సన్నగా, ఒకవైపు వెడల్పుగా ఉంటే అదే తప్పు. ఒక అంచులోనే ఒక కొస ఎక్కువగా పొడుచుకొస్తే బ్లేడు ఏటవాలుగా కూర్చున్నట్టు.

పిడిని పావు చుట్టు వదులు చేయండి. పదును లేని పొట్టి అంచుల దగ్గర బ్లేడును పట్టి మెల్లగా సర్దండి. పైమూతను, అడుగుపలకను ఆ పొట్టి అంచుల దగ్గరే రెండు వేళ్లతో అదిమి ఉంచి బిగించండి. వేళ్ల బలంతో బిగిసినంత చాలు. రెండు ముక్కలుగా ఉండే 34సిలో ఈ వంకర అప్పుడప్పుడూ ఎదురవుతుంది, సర్దితే పోతుంది. మెర్కూర్ ప్రోగ్రెస్‌లో పైమూత మీదా కింద కూడా గుర్తులుంటాయి. ఆ రెండూ ఎదురెదురుగా రాకపోతే తల సరిగ్గా మూసుకోదు. ఎన్నిసార్లు సర్దినా వంకర పోకపోతే మరో బ్లేడు వేసి చూడండి. కొత్త బ్లేడుతోనూ అదే పక్క తేడా ఉంటే తప్పు తలలోనే ఉంది.

వెంట్రుకను కోయకుండా పీకుతోంది

పాత బ్లేడైతే పారేయండి. ముదురు గడ్డానికి ఒక బ్లేడు మూడు నుంచి ఐదు షేవింగులకు మించి లాగొద్దు. కొత్త బ్లేడు కూడా పీకుతుంటే రకం మార్చాలి. ఫెదర్ బాగా పదును. ఆస్ట్రా ప్లాటినం మధ్యస్థం. డెర్బీ మెత్తన, ముదురు గడ్డానికి చాలదు. 7 ఓ'క్లాక్ మన దగ్గర సులువుగా దొరుకుతుంది. ఒకే రకం వంద బ్లేడ్లు కొనే ముందు ఐదేసి చొప్పున మూడు రకాలు వాడి చూడండి. బ్లేడు అంచును తువ్వాలుతో తుడవడం ఆపేయండి, దాంతో పదునూ పైపూతా పాడవుతాయి.

అన్నీ సరిచేసినా బాధ పోలేదు: రేజర్‌ది తప్పా?

రేజర్ల మధ్య తేడా పిడి అందంలో లేదు, తలలో ఉంది. బ్లేడు అంచుకూ కింది కడ్డీకీ మధ్య ఖాళీ ఎంత, అంచు బయటికి ఎంత పొడుచుకొచ్చింది, అంచుకు ఎంత దగ్గరగా తల బ్లేడును అదిమి పట్టింది? ఈ మూడూ చూడాలి. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరే. అంచుకు దూరంగా పట్టిన తలలో ముదురు వెంట్రుక తగిలినప్పుడల్లా బ్లేడు వణుకుతుంది. ఆ వణుకే గరుకుగా తెలుస్తుంది. అందుకే ఖాళీ ఒక్కటే చూసి ఏది మెత్తన (చర్మం మీద సున్నితంగా గీసేది), ఏది కరుకు (గట్టిగా కోసేది) అని తేల్చడం కుదరదు.

సున్నిత చర్మం, పలుచని గడ్డం, రోజూ గీసుకునే అలవాటు ఉంటే ఫెదర్ ఎఎస్-డి2 లాంటి, మెత్తగా గీసే స్టీలు రేజర్ సుఖం. దాంతో ముదురు గడ్డం గీస్తే మాత్రం ఒక్కచోటే నాలుగుసార్లు గీయాల్సివస్తుంది, అప్పుడు మంట మళ్లీ మొదలవుతుంది. మెత్తని రేజర్ అంటే మంట పుట్టదని అనుకోవద్దు. మ్యూలే ఆర్89, ఎడ్విన్ జాగర్ డిఇ89 తలలు దాదాపు ఒకటే, కొత్తవాళ్లకు నిశ్చింతగా చెప్పగలిగినవి. 34సి కూడా అదే వరసలోది, పిడి పొట్టి, బరువు ఎక్కువ. మ్యూలే ఆర్41 ఓపెన్ కోంబ్, అంటే బ్లేడు కింద కడ్డీ బదులు దువ్వెన పళ్లలాంటివి ఉండేది, చాలా కరుకు. చెయ్యి కుదరనివాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది. వారానికోసారి గీసుకునేవాళ్లకు, గట్టి గడ్డానికి మెర్కూర్ 37సి బాగుంటుంది. దాని తల బ్లేడును మెలితిప్పి ఏటవాలుగా కోయిస్తుంది కాబట్టి ఒత్తిడి అక్కర్లేదు. ఏది నప్పుతుందో తేలకపోతే రాక్‌వెల్ 6సి తీసుకోండి. తిరగేసి వాడే మూడు అడుగుపలకలతో ఆరు స్థాయిలు వస్తాయి. మూడుతో మొదలుపెట్టి, నున్నదనం చాలకపోతే ఒక్కో మెట్టు ఎక్కండి.

రక్తపు చుక్కలు, పొక్కులు

సూదిమొనంత చుక్కలకు చన్నీళ్లతో కడిగి, తడిపిన పటిక రాసి అర నిమిషం ఉంచి కడిగేయండి. పటిక చురుక్కుమన్న చోటే మీరు నొక్కి గీశారు. మర్నాడు అక్కడ చెయ్యి తేలిక చేయండి. పటిక గడ్డ ఎవరిది వాళ్లకే ఉండాలి. ఉంగరాల గడ్డం వాళ్లకు వెంట్రుక లోపలికి పెరిగి పొక్కులొస్తే, మానేదాకా గీయడం ఆపి, ఆ తర్వాత వాటంగా ఒక్క తడవతో సరిపెట్టుకోండి. చర్మాన్ని బిగలాగి గీయొద్దు. పొక్కును గిల్లొద్దు. చీము పట్టిందంటే చర్మవైద్యుడికి చూపించాలి.

తల మీద తెల్ల పొర, మర విరగడం

వారానికోసారి విప్పి, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో తోమి ఆరబెట్టండి. ఆర్89, 34సి లాంటివాటి తల జింక్ మిశ్రమం, పైన క్రోమ్ పూత. పూత లేచిన చోట వెనిగర్, నిమ్మరసం తగిలితే లోహం తినేస్తుంది. తలను పిడికి బిగించే మర సాధారణంగా రెండు కారణాలతో విరుగుతుంది: బలం కొద్దీ బిగించడం, తడి చేతిలోంచి గచ్చు మీద పడటం. మూడు ముక్కల రేజర్ అయితే పైమూతో తలో విడిగా దొరుకుతుందేమో ముందు అడగండి. పిడి బాగుంటే దాన్ని పారేయక్కర్లేదు. పాత బ్లేడ్లను మాత్రం మూత ఉన్న రేకు డబ్బాలో వేసి, నిండాక టేపు చుట్టి, పొడి చెత్త తీసుకెళ్లే మనిషికి చెప్పి చేతికివ్వండి.