యాడ్ చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: బొమ్మలో ఉన్న మనిషి వేరు, కొనే మనిషి వేరు

పోయినసారి ఒక యాడ్ తీసుకుని అది ఎవరి కోసమో రాయమన్నాను కదా, వచ్చిన జవాబులు చాలావరకు ఒకే చోట బోల్తా కొట్టాయి. బొమ్మలో కుర్రాడుంటే "కుర్రాళ్ల కోసం", తల్లి ఉంటే "తల్లుల కోసం" అని రాసేశారు. అందుకే ఈసారి ప్యాకింగ్ పాఠం ఆపేశా, ముందు ఇది తేలాలి.

మార్ల్‌బరో సిగరెట్ సంగతి చూడండి. 1924లో ఫిలిప్ మోరిస్ కంపెనీ దాన్ని ఆడవాళ్ల సిగరెట్‌గా అమ్మింది, మే నెలంత మృదువుగా ఉంటుందని నినాదం (అక్కడ మే అంటే వసంతం), తర్వాత లిప్‌స్టిక్ మరక కనపడకుండా చివరన ఎర్ర రంగు కూడా పెట్టారు. 1950ల్లో సిగరెట్‌తో క్యాన్సర్ వస్తుందన్న వార్తలు పెరిగేసరికి జనం ఫిల్టర్ వైపు చూశారు, కానీ ఫిల్టర్ అంటే ఆడవాళ్లదని మగాళ్లకి నామోషీ. అప్పుడు లియో బర్నెట్ అనే యాడ్ ఏజెన్సీ, ఫిల్టర్ పెట్టిన మార్ల్‌బరో యాడ్‌లోకి కౌబాయ్‌ని, అంటే గుర్రమెక్కి పశువుల్ని కాసే మొరటు మగాణ్ని, దింపింది.

ఇప్పుడు చెప్పండి, అది కౌబాయ్‌ల కోసం చేసిన యాడా? కాదు. అసలు అంతమంది కౌబాయ్‌లు ఎక్కడున్నారు? జబ్బంటే భయపడి ఫిల్టర్ కావాలనుకుంటూ, భయపడ్డట్టు మాత్రం ఎవరికీ కనపడకూడదనుకునే మామూలు మగాడి కోసం. బొమ్మలో ఉన్నది కొనేవాడు కాదు, కొనేవాడు ఎవరిలా కనపడాలనుకుంటున్నాడో ఆ మనిషి. యాడ్‌లో ధైర్యం చూపిస్తుంటే కొనేవాడి దగ్గర జంకు వెతకండి, తీరిక చూపిస్తుంటే ఊపిరాడని పని వెతకండి. నేనైతే సౌండ్ తీసేసి చూస్తా, మాటలు లేకపోతే ఆ భయం త్వరగా దొరుకుతుంది. ఆ ఫిల్టర్ ఎవర్నీ కాపాడలేదు, ఆ యాడ్స్‌లో కనిపించినవాళ్లలోనే కొందరు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు, అది తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

ఇంకోటి, వస్తువు మీద పడ్డ ముద్ర వస్తువుతో ఆగదు, కొన్నవాళ్ల మీద కూడా పడుతుంది. 1950లో మేసన్ హేర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో గృహిణులకి సరుకుల చీటీలు చూపించాడు, రెండు రకాలు, తేడా అల్లా ఒక దాంట్లో మామూలు కాఫీ పొడి, ఇంకోదాంట్లో నెస్‌కెఫే ఇన్‌స్టంట్. ఈ చీటీ రాసినావిడ ఎలాంటిదని అడిగితే, ఇన్‌స్టంట్ చీటీ చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆవిడ బద్ధకస్తురాలన్నారు. అదే ఇన్‌స్టంట్ కాఫీ ఎందుకు వద్దని నేరుగా అడిగితే మాత్రం "రుచి నచ్చదు" అనేవాళ్లు!

ఈ వారం పని ఇదే. మీరూ రెండు చీటీలు రాయండి, ఆరు వస్తువులు ఒకటే, ఏడోది మాత్రం వేరే బ్రాండ్. పదిమందికి ఒకటి, ఇంకో పదిమందికి రెండోది చూపించి, ఇవి కొన్న మనిషి గురించి నాలుగు వాక్యాలు రాయించండి. ఎవరికీ రెండూ చూపించొద్దు, చూపిస్తే తేడా పసిగట్టేస్తారు. తర్వాత ఆ ఏడో వస్తువు యాడ్ చూసి కొనేవాళ్ల భయమేంటో ఒక పేరా రాయండి, అందులో వయసు, జీతం, ఆడా మగా అన్న మాటలు ఎక్కడా రాకూడదు.