రైఖ్‌స్టాగ్ గుమ్మటం ఎక్కాలంటే: బెర్లిన్‌లో పేరు నమోదు చేసుకునే విధానం

బెర్లిన్‌లో జర్మన్ పార్లమెంటు బుండెస్టాగ్ సమావేశమయ్యే రైఖ్‌స్టాగ్ భవనం మీద గాజు గుమ్మటం ఉంది. దాన్ని ఎక్కడానికి ఒక్క యూరో కూడా కట్టక్కర్లేదు. కానీ పేరు నమోదు కానివారిని లోపలికి రానివ్వరు. ఒకప్పుడు ఈ తతంగం లేదు. పడమటి మెట్ల ముందు బారులో నిలబడితే ఎవరైనా పైకి వెళ్లేవారు. 2010 నవంబరులో ఉగ్రదాడి హెచ్చరికలు రావడంతో గుమ్మటాన్ని కొన్నాళ్లు మూసేశారు. మళ్లీ తెరిచినప్పుడు ముందస్తు నమోదు తప్పనిసరి చేశారు, అదే ఇప్పటికీ నడుస్తోంది.

తిరుమల మూడు వందల రూపాయల దర్శనానికి ఆన్‌లైన్‌లో స్లాటు పట్టిన వేళ్లకు ఇదేమంత కష్టం కాదు. మనవాళ్లు తడబడేదల్లా పేర్లు రాసే దగ్గరే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ముందు ఏం చూడాలో తేల్చుకోండి

బుండెస్టాగ్ వెబ్‌సైటులో సందర్శకుల విభాగం తెరిస్తే, జర్మన్‌తో పాటు ఇంగ్లిషులోనూ ఫారం కనబడుతుంది. గుమ్మటం ఒక్కటే చూడటం ఒక పద్ధతి. సభామందిరం పైనున్న సందర్శకుల గ్యాలరీలో కూర్చుని నలభై అయిదు నిమిషాల ఉపన్యాసం వినడం ఇంకొకటి. గంటన్నర సాగే గైడు యాత్ర మరొకటి. సభ జరిగే రోజుల్లో గ్యాలరీ నుంచి చర్చలు కూడా వినవచ్చు, కాకపోతే జర్మన్ రానివారికి అది మూకాభినయమే. ఇవన్నీ ఉచితమే, వీటి తర్వాత గుమ్మటానికీ వెళ్లనిస్తారు. పెద్దవాళ్లతోనో చిన్నపిల్లలతోనో మొదటిసారి వెళ్తుంటే గుమ్మటం ఒక్కటి చాలు.

గుమ్మటం రోజూ ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది, చివరి ప్రవేశం రాత్రి 9.45కు. ఫారంలో సమయం ఇరవై నాలుగు గంటల లెక్కలో ఉంటుంది కాబట్టి 21 అంటే రాత్రి తొమ్మిది అని గుర్తుంచుకోండి. జూన్‌లో బెర్లిన్‌లో సూర్యుడు కుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, అప్పుడు ఎనిమిదిన్నర ప్రాంతం తీసుకుంటే పగలూ సంధ్యా రెండూ దక్కుతాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది. శుభ్రపరచడానికీ మరమ్మతులకూ ఏడాదిలో కొన్ని వారాలు గుమ్మటాన్ని మూస్తారు. ఆ రోజుల్లో పై డాబా వరకే వెళ్లనిస్తారు. కాబట్టి రైలు టికెట్లు కొనే ముందే మూసే తేదీల పట్టిక చూడాలి.

ఫారం నడిచే తీరు

తేదీ, సమయం, ఎంతమంది అన్నవి ఎంచుకుని, నమోదు చేస్తున్నవారి పేరు, ఈమెయిలు ఇవ్వాలి. కాసేపటికి ఆ చిరునామాకు ఒక లింకు వస్తుంది. అది తెరిస్తే వచ్చే జాబితాలో ప్రతి ఒక్కరి ఇంటి పేరు, పేరు, పుట్టిన తేదీ నింపాలి. చంకలో పసిబిడ్డ ఉన్నా ఆ బిడ్డకూ ఒక వరుస ఉండాలి. భద్రత కోసం ఈ వివరాలను వాళ్లు ముందే సరిచూసుకుంటారు. జాబితా పంపాక ముందు వచ్చేది విజ్ఞప్తి అందిందన్న కబురు మాత్రమే. దాన్ని పట్టుకుని బయలుదేరకండి. ఆ తర్వాత ఆమోదం తెలిపే ఉత్తరం విడిగా వస్తుంది, గేటు దగ్గర చూపాల్సింది దాన్ని. అచ్చు వేసి దగ్గర ఉంచుకుంటే ఫోను చార్జింగు గురించి బెంగ ఉండదు. ఈమెయిలు కనబడకపోతే స్పామ్‌లో వెతకండి.

లింకు వచ్చిందన్న సంతోషంలో అక్కడే ఆగిపోయేవాళ్లున్నారు. జాబితా నింపి పంపేదాకా ఏ స్లాటూ మీది కాదు.

పేర్ల గడులు

జర్మన్ ఫారాల్లో ఫోర్‌నామె అంటే పేరు, నాఖ్‌నామె అంటే ఇంటి పేరు. మనం ఇంటి పేరు ముందు చెప్తాం, వాళ్లు చివర చెప్తారు. ఇక్కడే గడులు తారుమారవుతాయి. ఏ గడిలో ఏం రాయాలన్న ప్రశ్నకు జవాబు మీ నోట్లోనో ఆధార్ కార్డులోనో దొరకదు, పాస్‌పోర్టు తెరిచి చూడాల్సిందే. అందులో ఇంటి పేరు అన్న వరుసలో ఏముందో అదే నాఖ్‌నామె. పెళ్లయ్యాక ఇంట్లో అందరూ భర్త ఇంటి పేరుతోనే పిలుస్తున్నా, పాస్‌పోర్టులో పుట్టింటి పేరు ఉంటే పుట్టింటిదే రాయాలి. పొడి అక్షరాలు వద్దు. బ్యాంకు పుస్తకంలో కె. రాజు అని ఉన్నా, పాస్‌పోర్టులో ఆ కె పూర్తిగా ఎలా విప్పి ఉందో అలాగే రాయాలి.

ఇక వర్ణక్రమం. వెంకటేశ్వరరావును ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కో కార్డులో ఒక్కోలా రాస్తారు. శ్వ దగ్గర హెచ్ ఉందా లేదా, రావు విడిగా ఉందా అతికి ఉందా, చివర ఏ అక్షరంతో ముగిసింది, ఇవన్నీ ఒక్కో అక్షరం చొప్పున చూసుకుని కొట్టాలి.

కొందరు పెద్దవాళ్ల పాస్‌పోర్టులో ఇంటి పేరు వరుస ఖాళీగా ఉండి, పేరంతా ఒకే చోట కుక్కి ఉంటుంది. ఫారం మాత్రం రెండు గడులూ నింపమంటుంది. మా అమ్మ విషయంలో చివరి పదాన్ని ఇంటి పేరు గడిలోకి, మిగిలినదాన్ని పేరు గడిలోకి పంపాను. రెండూ కలిపి చదివితే పాస్‌పోర్టుతో సరిపోయింది, గేటు దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. ఇది నేను పాటించిన ఉపాయమే తప్ప వాళ్ల నిబంధన కాదు. సందేహముంటే సందర్శకుల విభాగానికి ముందుగా ఒక ఈమెయిలు రాయడం మంచిది.

పుట్టిన తేదీలో రోజు, నెల, ఏడాది అన్న క్రమం మన దగ్గర ఉన్నట్టే ఉంటుంది. కానీ మనలో చాలామందికి పుట్టిన తేదీలు రెండు. అదే ఫారంలో నాన్నగారి వరుస నింపుతున్నప్పుడు ఏమీ ఆలోచించకుండా ఆగస్టు తేదీ కొట్టేశాను. ఇంట్లో ఆయనకు పాయసం చేసేది ఆ రోజే మరి. పంపే బటన్ నొక్కబోతుంటే వెనక నుంచి అమ్మ అంది: "అది కాదురా, సర్టిఫికెట్లో జూను ఒకటి కదా, బళ్లో మాస్టారు వేసింది." పాస్‌పోర్టు తెరిస్తే జూన్ ఒకటే ఉంది. జర్మన్ పార్లమెంటు దగ్గర చెల్లేది మాస్టారు వేసిన తేదీయే.

నమోదు లేకుండా బెర్లిన్ చేరిపోతే

రైఖ్‌స్టాగ్ పక్కనే షైడెమాన్ వీధి దక్షిణపు వైపున సందర్శకుల సేవా కేంద్రం ఉంది. ఖాళీలుంటే అక్కడికక్కడే పేర్లు రాయించుకోవచ్చు, కానీ ఎక్కే సమయానికి కనీసం రెండు గంటల ముందు వెళ్లాలి. వేసవి సెలవుల్లో ఆ రోజుకు దొరక్కపోవచ్చు, మరుసటి రోజుకైనా ఉందేమో అడగండి. అందరి పాస్‌పోర్టులూ చేతిలో ఉండాలి. డబ్బు తీసుకుని గుమ్మటం టికెట్ ఇప్పిస్తామనే ప్రకటనలు కూడా నెట్‌లో కనబడతాయి. అక్కడ మీరు చెల్లించేది గైడుకో మధ్యవర్తికో, ప్రవేశానికి రుసుమంటూ ఏదీ లేదు. గుమ్మటం పక్కన డాబా మీదున్న రెస్టారెంటుకు రిజర్వేషన్ వేరే.

వెళ్లిన రోజు

బెర్లిన్ ప్రధాన రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరమే. యు5 మెట్రోలో వస్తే బుండెస్టాగ్ స్టేషనులో దిగాలి. ఇచ్చిన సమయానికి పావుగంట ముందే చేరండి. అసలు పాస్‌పోర్టు తప్పనిసరి, ఫోనులోని ఫొటో చూపిస్తే కుదరదు. విమానాశ్రయంలో లాగే సంచులు, జేబులు తనిఖీ చేస్తారు. పెద్ద సూట్‌కేసులుంటే స్టేషను లాకర్లలోనే పెట్టి రండి.

తనిఖీ అయ్యాక లిఫ్టు పైడాబాకు చేరుస్తుంది. వేర్వేరు భాషల్లో ఉచితంగా ఆడియో పరికరం ఇస్తారు, మీరు నడిచే చోటును బట్టి అదే మాట్లాడుతుంది. గుమ్మటం లోపల మెట్లు లేవు. గోడ వెంబడి చుట్టుకుంటూ పోయే వాలుదారి ఉంది. ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఇంకొకటి కాబట్టి ఎదురొచ్చేవారితో రాసుకోవాల్సిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్న మా నాన్నగారు ఎక్కడా కూర్చోకుండా పైదాకా వచ్చారు. మధ్యలో ఆకాశం నుంచి దిగిన గరాటులా 360 అద్దాల స్తంభం ఉంటుంది. పగటి వెలుగును కింది సభామందిరంలోకి పంపేది ఇదే. దాని మొదట్లో భవనం చరిత్ర ఫొటోలు పెట్టారు: 1894లో పూర్తయిన పాత కట్టడం, 1933 ఫిబ్రవరి 27 రాత్రి మంటలు, 1945 శిథిలాలు. బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ రూపకల్పనలో ఈ గుమ్మటంతో భవనం 1999లో మళ్లీ తెరుచుకుంది. పై కొస మూసి ఉండదు, గాలి చొరబడుతుంది. వేసవి అయినా ఒక స్వెట్టరు పట్టుకెళ్లండి.

కిందికి దిగి బయటికి వచ్చాక, భవనం ముందు నైరుతి మూలన వరసగా నిలబెట్టిన ఇనుప పలకలు కనబడతాయి. మొత్తం 96. నాజీల చేతిలో చనిపోయిన, అప్పటి పార్లమెంటు రైఖ్‌స్టాగ్ సభ్యులకు ఒక్కొక్కరికి ఒక్కో పలక. గరుకైన అంచు మీద పేరు, పార్టీ, పుట్టిన, చనిపోయిన తేదీలు, ఊళ్లు చెక్కి ఉన్నాయి. వంగితే గానీ చదవలేరు. గుమ్మటం హడావిడిలో చాలామంది వాటిని సైకిల్ స్టాండు అనుకుని దాటిపోతారు. అక్కడ నిలబడటానికి నమోదు అక్కర్లేదు.