అప్‌లోడ్ చేసిన ఫోటోలు, పత్రాలు పీడీఎఫ్‌లో సరిగా రావాలంటే ఎలా చేయాలి?

ఒడిశాలోని రాయగడలో జిరాక్స్ దుకాణాలకూ హాస్టళ్లకూ దరఖాస్తుల వెబ్ అప్లికేషన్లు చేసి ఇవ్వడం నా పని. వివరాలు నింపి, ఫోటో, సంతకం, కుల ధ్రువీకరణ పత్రం, మార్కుల జాబితా అప్‌లోడ్ చేస్తే అన్నీ కలిసి ఒక పీడీఎఫ్ అవుతాయి. దాన్ని ప్రింటు తీసి కార్యాలయంలో ఇస్తారు. ఇంత మామూలు పనిని పాడు చేసేవాళ్లు ఇందరు ఉండటం నన్ను బాధపెడుతుంది. ఒకసారి గుణుపూర్ అమ్మాయి దరఖాస్తు తిరిగొచ్చింది. ధ్రువీకరణ పత్రం అడ్డంగా పడి, తహసీల్దారు ముద్ర ఉన్న భాగం పేజీ దాటిపోయింది. వేరెవరో చేసిన ఆ సాఫ్ట్‌వేర్ తెరమీద మాత్రం పత్రాన్ని నిటారుగానే చూపించింది. ఆ అమ్మాయి మళ్లీ బస్సెక్కి రావలసి వచ్చింది.

కావలసినవి

ఒక సర్వర్, బొమ్మలను మార్చే లైబ్రరీ, పీడీఎఫ్ చేసే ఇంజిన్. ఇంజిన్‌గా తెర లేకుండా నడిచే క్రోమియం (క్రోమ్‌కు మూలమైన బ్రౌజర్) పెట్టుకోండి, వేరేది వద్దు. మా దరఖాస్తుల్లో ఒకే పేజీలో ఒడియా, తెలుగు, ఇంగ్లీషు ఉంటాయి. ఎఫ్‌పీడీఎఫ్, డామ్‌పీడీఎఫ్ లాంటి పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాలను వరుసగా పేరుస్తాయే తప్ప వత్తులను కిందికి చేర్చవు. ‘రాజేశ్వరి’ అని రాస్తే వ వత్తు విడిపోతుంది. పేరు తప్పుగా అచ్చయిన దరఖాస్తు ఎవరికి కావాలి? ఎంపీడీఎఫ్ వత్తులు కలపగలదు కానీ, పేజీ అమరికలో బ్రౌజర్‌కు సాటి రాదు. వికేహెచ్‌టీఎంఎల్‌టూపీడీఎఫ్‌నే పట్టుకుని ఉన్నవాళ్లు ఇంకా కనిపిస్తారు. దాని అభివృద్ధి ఆగిపోయింది, 2023లో మూలకోడ్‌ను కూడా భద్రపరిచి మూసేశారు. కొత్త పని దానిమీద మొదలుపెట్టకండి. నోటో ఒడియా, నోటో తెలుగు ఫాంట్లు సర్వర్‌లో వేయండి, లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి.

ఫైలు తీసుకోవడం

ఫైలు పేరు చివర జేపెగ్ అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. లోపలి మొదటి బైట్లు చూసి అది నిజంగా ఏ రకమో తేల్చుకోండి. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి హెచ్‌ఈఐసీ రకం ఫోటోలు తీస్తున్నాయి. వాటిని అప్‌లోడ్ అయినప్పుడే జేపెగ్‌గా మార్చండి. ఫైళ్లను బయటివాళ్లు నేరుగా తెరవలేని ఫోల్డరులో దాచండి.

ఫోటోను నిలబెట్టడం

ఇక్కడ తొందరపడవద్దు. ఎక్కువ తప్పులు ఈ దశలోనే జరుగుతాయి.

ఫోను నిలువుగా పట్టుకుని తీసినా సెన్సారు చాలాసార్లు బొమ్మను అడ్డంగానే రాస్తుంది. ‘చూపించేటప్పుడు తిప్పండి’ అని ఫోను ఆ ఫైలులో ఒక గుర్తు పెడుతుంది. ఎక్సిఫ్ అంటే ఫోటో గురించి ఫైలులోనే రాసి ఉండే వివరాలు, వాటిలోని ఈ గుర్తును ఎక్సిఫ్ ఓరియంటేషన్ అంటారు. దాని విలువ 1 నుంచి 8 దాకా ఉంటుంది. 1 అంటే ఉన్నది ఉన్నట్టే, 3 అంటే తలకిందులు, 6 అంటే కుడివైపుకు 90 డిగ్రీలు తిప్పాలి, 8 అంటే ఎడమవైపుకు. మిగతావి అద్దంలో తిరగబడినట్టున్న బొమ్మలకు. నిలువు ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది 6. బ్రౌజర్లు ఈ గుర్తు చదివి ఫోటోను నిలబెట్టి చూపిస్తాయి. చాలా పీడీఎఫ్ లైబ్రరీలు దాన్ని పట్టించుకోవు. తెరమీద నిటారుగా ఉన్నది కాగితం మీద అడ్డంగా పడేది అందుకే.

క్రోమియం వాడితే ఈ బాధ తప్పుతుందనుకోకండి. అసలు గండం అంతకుముందే ఉంది. 4000 × 3000 పిక్సెళ్ల ఫోటోను పీహెచ్‌పీలోని జీడీ లైబ్రరీతో తెరిస్తే, పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 48 మెగాబైట్ల మెమరీ కావాలి. తిప్పడానికి ఇంకో నకలు, అంటే మరో 48. పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే హద్దు 128. రెండు పత్రాలు ఒకేసారి తెరిచారా, తెల్లపేజీయే. అందుకని అందరూ ఫోటోను ముందు చిన్నది చేసేస్తారు. కానీ జీడీ ఫైలును తిరిగి దాచేటప్పుడు ఎక్సిఫ్ మొత్తాన్నీ వదిలేస్తుంది. ఎటు తిప్పాలో చెప్పే గుర్తు దాంతోపాటే పోతుంది. ఆ తర్వాత ఏ ఇంజిన్ పెట్టినా లాభం లేదు.

వరుస ఇదీ: ముందు గుర్తు చదివి ఒక చరరాశిలో పెట్టుకోండి. తర్వాత ఫోటోను చిన్నది చేయండి. ఆ చిన్న ఫోటోను తిప్పండి. జీడీలో తిప్పే ఫంక్షన్ గడియారానికి ఎదురు దిశలో తిప్పుతుంది కాబట్టి 6కు మైనస్ 90, 8కి 90 ఇవ్వాలి. ఇది తిరగేసి, పత్రాలన్నీ తలకిందులుగా అచ్చు వేసినవాళ్లను చూశాను. పైథాన్‌లో పిల్లో లైబ్రరీకి ఎక్సిఫ్ ట్రాన్స్‌పోజ్ అనే ఫంక్షనే ఉంది. నోడ్‌లో షార్ప్ వాడేవాళ్లు రొటేట్‌ను కోణం ఇవ్వకుండా పిలిస్తే గుర్తును బట్టి అదే తిప్పుతుంది.

తిప్పాక పాత గుర్తును తప్పకుండా తీసేయండి. ఉంచితే బ్రౌజర్ ఇంకోసారి తిప్పుతుంది. ఎక్సిఫ్ మొత్తం తీసేస్తే ఇంకా మంచిది. ఫోటో ఎక్కడ తీశారో చెప్పే అక్షాంశ రేఖాంశాలు అందులోనే ఉండవచ్చు. జేపెగ్‌ను ఉన్నదున్నట్టుగా పీడీఎఫ్‌లో పెట్టే లైబ్రరీలు వాటిని కూడా లోపలికి చేరుస్తాయి. హాస్టల్‌కు దరఖాస్తు పెట్టిన పిల్లల ఇంటి గుర్తులు నలుగురి చేతుల్లోకి వెళ్లకూడదు.

పరీక్షించేటప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు వాడకండి. వాట్సాప్ ఫోటోను మళ్లీ కుదించి, ఎక్సిఫ్ తీసేసి, నిలబెట్టి పంపుతుంది. కాబట్టి మీ కోడ్ ఎంత తప్పుగా ఉన్నా వాటితో పరీక్ష నెగ్గుతుంది. ఫోనును నాలుగు వైపులా తిప్పి నాలుగు ఫోటోలు తీసి, ఆ ఫోను నుంచే నేరుగా అప్‌లోడ్ చేయండి.

పత్రాలకు పొడవు వైపు 1800 పిక్సెళ్లు, జేపెగ్ నాణ్యత 80. దీన్ని మార్చకండి, ముద్రలోని అక్షరాలు చదవడానికి ఇది సరిపోతుంది. 35 × 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫోటోకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 413 × 531.

ఇంజిన్‌కు అందించడం

ఫోటో స్థానంలో వెబ్ చిరునామా ఇవ్వకండి. మీరు లాగిన్ అయి ఉన్నారు కాబట్టి మీ బ్రౌజర్‌కు ఫోటో వస్తుంది. సర్వర్‌లో విడిగా నడిచే ఇంజిన్‌కు ఆ లాగిన్ లేదు. అది ఫోటో అడిగితే లాగిన్ పేజీ వస్తుంది, పీడీఎఫ్‌లో ఖాళీ డబ్బా మిగులుతుంది. ఫైలును డిస్కు నుంచి చదివి, బేస్ 64గా (ఫైలును మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) మార్చి, పేజీలోనే పెట్టేయండి. పరిమాణం మూడో వంతు పెరుగుతుంది, పెరగనివ్వండి. ముందే చిన్నది చేశారు కదా.

ఒక్కో పత్రానికి ఒక్కో పేజీ ఇవ్వండి. వెడల్పుకూ ఎత్తుకూ రెండింటికీ హద్దు పెట్టండి. వెడల్పుకు మాత్రమే పెడితే పొడవాటి మార్కుల జాబితా తెగిపోతుంది.

పీడీఎఫ్‌గానే వచ్చిన పత్రాలు

వీటిని నేరుగా బొమ్మగా పెట్టలేం. దరఖాస్తు తయారయ్యాక, క్యూపీడీఎఫ్ లాంటి సాధనంతో వాటి పేజీలను చివర కలపాలి. పీడీఎఫ్‌కు అటాచ్‌మెంటుగా జతచేసే పద్ధతి ఉంది కానీ మన పనికి పనికిరాదు. ఫోన్లలోని చాలా యాప్‌లు దాన్ని చూపించవు, ప్రింటు కొడితే అది కాగితం మీదికి రాదు. గుమాస్తా చేతికి వెళ్లేది కాగితమే.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డు ఉంటుంది. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే అది తెరుచుకుంటుంది. అప్‌లోడ్ చేసిన వెంటనే తాళం ఉందో లేదో చూసి, ఉంటే అక్కడే పాస్‌వర్డు అడగండి. చివరి నిమిషంలో దరఖాస్తు మొత్తం ఆగిపోతే నింపినవాళ్లకు కారణం కూడా అర్థం కాదు. డిజిటల్ సంతకం ఉన్న ధ్రువీకరణ పత్రాన్ని కలిపితే పేజీ కనిపిస్తుంది కానీ ఆ సంతకం చెల్లదు. అందుకే అసలు ఫైలును ముట్టుకోకుండా, దరఖాస్తు సంఖ్యతో పక్కన దాచి ఉంచండి. కార్యాలయంవాళ్లు సరిచూడాలని అడిగితే ఇవ్వవలసింది దాన్నే.