థియరీ పేపర్లోకి కొత్త పేర్లు రావాలంటే

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో థియరీ పేపరంటే చాలా చోట్ల ఇప్పటికీ ప్లేటోతో మొదలై మార్క్స్‌తో అయిపోతుంది. దాన్ని మార్చి స్త్రీలకు, దళితులకు, యూరప్ బయటి ఆలోచనాపరులకు చోటెలా ఇప్పించాలని నన్ను అడిగే జూనియర్లకు చెప్పే మొదటి మాట: మెమొరాండం సంగతి తర్వాత, ముందు సిలబస్, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చోండి. యూనిట్ వారీగా పేర్లు రాసి, ఎవరి మీద పరీక్షలో ప్రశ్న వచ్చిందో ఎదురుగా టిక్ పెట్టండి. రిఫరెన్స్ పుస్తకాల చివర ఒక పేరు ఇరికించి 'చేర్చాంగా' అనడం తేలిక. ప్రశ్న రాని పాఠం ఎవరూ చదవరు, చెప్పేవాళ్లూ చెప్పరు. అందుకే యూనిట్‌లోనే చోటు అడగాలి.

ప్లేటోను తీసేయమనొద్దు, చర్చంతా ఆయన మీదకే పోతుంది. జత కలిపి అడగండి. స్త్రీల అణచివేత మీద ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ పుస్తకం 1869లో వచ్చింది. 1882లో తారాబాయి శిందే మరాఠీలో 'స్త్రీ పురుష తులన' రాసింది. బిడ్డను చంపిందని ఒక వితంతువుకు శిక్ష పడితే, ఆ వంకన ఆడజాతినంతా తిట్టిపోస్తున్న వాళ్లకు ఆమె జవాబు అది. మిల్ చట్టాన్ని ప్రశ్నిస్తే, ఆమె 'ఆడవాళ్లకు అంటగట్టిన దుర్గుణాలు మగవాళ్లలో లేవా' అని నిలదీస్తుంది. రెండూ పక్కపక్కన చెబితే మధ్యాహ్నం క్లాసు కూడా నిద్రపోదు.

'అంబేద్కర్ ఇండియన్ థాట్ పేపర్లో ఉన్నారు కదా' అని ఎవరో ఒక సారు తప్పకుండా అంటారు. మిల్ చెబితే అందరికీ సిద్ధాంతం, అంబేద్కర్ చెబితే ఇండియాకే ఎందుకని మర్యాదగానే అడగండి. 1936 నాటి 'కుల నిర్మూలన'లో స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం గురించిన భాగం ప్రజాస్వామ్యం యూనిట్‌లో చక్కగా ఇముడుతుంది. పుస్తకం పేరొక్కటే ఇస్తే పక్కన పెట్టేస్తారు. ఆ పేజీలు జిరాక్స్ తీసి, తెలుగు అనువాదంతో కలిపి ఇవ్వండి. మన ప్రాంతం నుంచి హైదరాబాద్ దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఉండాల్సిందే.

లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌కి ప్రిపేరయ్యే వాళ్లకు టెన్షన్ ఉంటుంది. వాళ్లకు యూజీసీ నెట్ సిలబస్సే చూపించండి: కన్ఫ్యూషియస్, మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్, ఫ్రాంట్జ్ ఫానన్ అక్కడ ప్లేటో ఉన్న యూనిట్‌లోనే ఉన్నారు. పండిత రమాబాయి, పెరియార్ దాని తర్వాతి యూనిట్‌లో. నా అనుభవంలో సార్ల దగ్గర కూడా ఇంతకు మించి పనిచేసే కాగితం లేదు.

సిలబస్ హెచ్‌ఓడీ చేతిలో మాత్రమే ఉండదు, సిలబస్ తయారుచేసే కమిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాటాలి, ఆపైన అకడమిక్ కౌన్సిల్. అజెండా తయారయ్యేలోపే మీ కాగితం చేరాలి. ఒక్క పేజీ, రెండు మూడు కోరికలు, క్లాసంతటి సంతకాలు. అటానమస్ కాలేజీ అయితే బోర్డులో పీజీ చేసిన పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు, ఎవరో కనుక్కుని ముందే కలవండి. ఆమోదం వచ్చాక మోడల్ ప్రశ్నపత్రం చూసుకోండి. లైబ్రరీకి ఆ పుస్తకాలు కొనమని ఇండెంట్ వెళ్లిందో లేదో కూడా అడగండి.