క్రాస్‌ఫేడ్ పడట్లేదా? క్లిప్ చివర్లు కాస్త కత్తిరించండి

డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు క్లిప్‌ల మధ్య క్రాస్ డిజాల్వ్ (ఒక షాట్ కరిగి ఇంకోటి వచ్చే క్రాస్‌ఫేడ్) సరిగ్గా పడట్లేదంటే చాలాసార్లు కారణం ఒకటే. క్లిప్‌ని మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా మొత్తం టైమ్‌లైన్‌లో పెట్టేసి ఉంటారు. ఒక షాట్ కరిగి ఇంకోటి రావాలంటే కట్‌కి, అంటే రెండు క్లిప్‌లు కలిసే చోటికి, అవతల కూడా ఫుటేజ్ మిగిలి ఉండాలి కదా! సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో సెకను డిజాల్వ్‌ కట్ మధ్యన పడాలంటే అటు 12, ఇటు 12 ఫ్రేములు కావాలి. మొదటి క్లిప్ చివర, రెండోదాని మొదట్లో ఆ మేరకు ట్రిమ్ చేయండి. మధ్యలో ఖాళీ లేకుండా కలిపి, ఆ కట్‌ని సెలెక్ట్ చేసి కంట్రోల్ టీ నొక్కండి. బొమ్మ బాగానే ఉండి శబ్దం మాత్రం టక్కున మారుతుంటే షిఫ్ట్ టీ చాలు, ఆడియో ఒక్కటే కలుస్తుంది. షూటింగ్‌లో కూడా రికార్డింగ్ రెండు సెకన్లు ముందే మొదలుపెట్టి, రెండు సెకన్లు ఆగి ఆపండి.