కలాసీలు ఊళ్లో ఉన్న రెండు నెలల్లోనే హెచ్‌ఐవీ క్యాంపు పెట్టండి

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో డిసెంబరు 1, ఎయిడ్స్ దినోత్సవం నాడు పరీక్షల క్యాంపు పెడితే పరీక్ష బాగా అవసరమైనవాళ్లే దొరకరు. అప్పటికి కలాసీలు, అంటే చేపల వేట బోట్ల మీద కూలికి పోయేవాళ్లు, గుజరాత్‌లోని వీరావల్‌లో బోట్ల మీద ఉంటారు. అక్కడ జూన్, జూలై నెలల్లో వేట నిషేధం. కలాసీలు ఇంటిపట్టున ఉండేది అప్పుడే. తాపీ పనికి, సెంట్రింగు పనికి హైదరాబాద్, చెన్నై పోయినవాళ్లయితే సంక్రాంతికి వస్తారు. ఆశా కార్యకర్తలు, ఊరి కుర్రాళ్లు ముందు ఈ లెక్క చూసుకుని పీహెచ్‌సీ డాక్టరుతో తేదీ ఖాయం చేసుకోవాలి.

నడవడి బాగోలేనివాళ్లకే ఈ జబ్బు వస్తుందనుకుంటే క్యాంపు అక్కడే చెడుతుంది. అడ్వాన్సు తీసుకుని బోటెక్కినవాడు సీజను మధ్యలో ఇంటికి రాలేడు. నెలల తరబడి పెళ్లాంబిడ్డలకు దూరం, చుట్టూ రాని భాష, ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి పోవాలో తెలీదు. రేవుకొచ్చిన రోజు చేతిలో డబ్బుంటుంది, మందు దొరుకుతుంది, కండోమ్ మాత్రం దగ్గరుండదు. ఇక్కడ భార్యకు ఆ డబ్బే ఆధారం. తిరిగొచ్చిన భర్తను కండోమ్ వాడమని ఆమె ఏ ధైర్యంతో అడుగుతుంది? పైగా గర్భిణీ పరీక్షల్లో ముందు ఆమెకే బయటపడుతుంది, నింద కూడా ఆమె మీదే పడుతుంది. ముందు తెలిసినంత మాత్రాన ముందు ఆమెకే సోకినట్టు కాదు. ఆమె ఒప్పుకుంటేనే ఈ మాట ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇంట్లోంచి వెళ్లగొట్టే హక్కు ఎవరికీ లేదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది.

బ్యానరు మీద ఎయిడ్స్ అని రాస్తే ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు భయం ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), బీపీ, షుగరు పరీక్షలతో కలిపి పెట్టండి. అయితే హెచ్‌ఐవీ పరీక్షకు విడిగా అడిగి ఒప్పుకోలు తీసుకోవాల్సిందే. వద్దన్నవాళ్లకు మిగతా పరీక్షలు ఆపకూడదు. తలుపు మూసిన గదిలో ఒక్కొక్కరినే పిలవాలి. వేలి రక్తపు చుక్కతో చేసేది మొదటి వడపోత మాత్రమే. కిట్ మీద పాజిటివ్ గీత పడితే ‘ఉంది’ అనేయకండి, ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రానికి) తోడుగా వెళ్లండి. అక్కడ మూడు వేర్వేరు కిట్లతో చూశాకే ఖాయం చేస్తారు. ఆ గీత పడకపోయినా, గత మూడు నెలల్లో ప్రమాదం జరిగి ఉంటే మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి. ఆలోపే బోటెక్కేవాళ్లకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఇవ్వండి. ఫోను ఉచితం, అక్కడి దగ్గర్లోని పరీక్షా కేంద్రం ఎక్కడో చెబుతారు.

జబ్బు ఖాయమైతే మందు వెంటనే మొదలుపెట్టాలి, సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) తగ్గేదాకా ఆగే రోజులు పోయాయి. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి, ఏఆర్‌టీ సెంటర్లో (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రంలో) ఉచితం. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీని దెబ్బతీయొచ్చు కాబట్టి ఉద్దానం మనిషైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. క్రియాటినిన్ చూసి అవసరమైతే మందు మారుస్తారు. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్‌తో ఈ మాత్ర కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. యాంటాసిడ్‌కు రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి.

మందు ఎక్కువగా ఆగిపోయేది ప్రయాణాల దగ్గరే. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాట, జీడి పిక్కలు ఒలిచే ఆడమనిషికి పోనూ రానూ ఒక రోజు కూలి పోతుంది. ఆరోగ్యం నిలకడగా ఉంటే మూడు నెలల మందు ఒకేసారి ఇమ్మని అడగండి. వీరావల్ వెళ్లేవాళ్లు వారం ముందే సెంటర్‌కు వెళ్లి అక్కడికి బదిలీ కాగితం రాయించుకోవాలి, గ్రీన్ బుక్ (చికిత్స వివరాలు రాసే పుస్తకం) వెంట ఉంచుకోవాలి. మాత్రలు పొట్లం కట్టకండి, ఉప్పుగాలికి తేమ పడుతుంది. మూత గట్టిగా బిగించి డబ్బాలోనే ఉంచాలి. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) పరీక్షలో కనిపించని స్థాయికి దిగి అక్కడే నిలిస్తే, కాపురంలో భార్యకు ఆ వైరస్ సోకదు. మందు మానితే ఆ రక్షణ పోతుంది.

భార్య గర్భిణీ అయితే మొదటి మూడు నెలల్లోనే పరీక్ష. హెచ్‌ఐవీ ఉన్నా సరే, రోజూ మందు వేసుకుంటే చాలామటుకు బిడ్డకు సోకదు. పుట్టిన బిడ్డకు కనీసం ఆరు వారాలు నివారణ సిరప్ పట్టించాలి. ఆరో వారంలో మొదటి పరీక్ష, చివరిది పద్దెనిమిదో నెలలో. పురిటికి పుట్టింటికి పోతే ఈ తేదీలు తప్పిపోతుంటాయి, అందుకని ఆ ఊరి ఆశాకు కూడా తల్లి అనుమతితో ముందే కబురు పెట్టండి.