పాండిచ్చేరిలో పాత ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా?

పాండిచ్చేరి అనగానే అందరూ సముద్రం వైపు ఫ్రెంచి వీధుల్లోనే వెతుకుతారు. కానీ ఊరిని రెండుగా విడదీసే కాలువకు పడమటి పక్క, వైశ్యాల్ వీధి చుట్టుపక్కల పాత తమిళ ఇళ్లున్నాయి. వీధి అరుగు, లోపల అచ్చం మన మండువా లోగిలి. పిల్లాపాపలతో వెళ్తే నా ఓటు వీటికే.

ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. ఓనరును వీడియో కాల్‌లో ఇల్లంతా తిప్పి చూపమనండి. మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయి, కింద పడగ్గది, బాత్రూమ్ ఉన్నాయా అని అడగండి. నేను అడగలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మూడు రాత్రులూ హాల్లోనే పడుకుంది!

నవంబరులో అక్కడ వానలు గట్టిగా పడతాయి. మండువా పైకప్పు తెరిచి ఉంటే నేల జారుడే. జనవరి, ఫిబ్రవరి హాయి. ట్రిప్ రద్దయితే అడ్వాన్సు ఎంత తిరిగిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి.